నల్ల తీగ వదులైనప్పుడు

ఫిబ్రవరి 3

అక్కా,

క్షేమసమాచారాలతో సగం కాగితం నింపితే నీకు కోపమని తెలుసు. మేం బాగానే ఉన్నాం, నువ్వూ బాగానే ఉండి ఉంటావు, అక్కడితో ఆ తంతు అయిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో కూర్చుని జనం గొంతులు విని విని, రిటైరైన రోజున ఇక ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషివి. ఆ పుణ్యాన నా దస్తూరీ కాస్త బాగుపడింది.

అసలు సంగతి. మా ఇంట్లో పాటల సరంజామా చచ్చిపోయింది. పదహారేళ్ళ ఆంప్లిఫయరు ముందు గుర్రుమంది, తర్వాత ఎడమవైపు మాట పడిపోయింది, చివరికి కాలిన వాసన కొట్టి ఊరుకుంది. కొత్తది కొందామా అని నీ మరదల్ని అడిగితే ఆమె చూసిన చూపుకే నా ఫ్యూజు ఎగిరిపోయింది. అందుకని సెకండ్‌హ్యాండు దారి పట్టాను. నేను పళ్ళ సెట్లు కట్టే ల్యాబు వెనక సందులో పాత ఎలక్ట్రిక్ సామాన్లు బాగుచేసి అమ్మే ఒకావిడ ఉంది. చెవి మీద ఎప్పుడూ టెస్టరు పెట్టుకుని తిరుగుతుందని అందరూ టెస్టరమ్మ అంటారు. పాత సామాను కొనేటప్పుడు ముందు పాలిష్ కాదు, వెనక స్క్రూలు చూడాలని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ దగ్గర ఒక ఆంప్లిఫయరు తీసుకున్నాను. స్పీకర్లు మూతపడిన డాన్సు స్కూలువి, ఒక్కొక్కటి నా నడుము దాకా ఉంటుంది. క్యాసెట్ డెక్కు ఒక లైబ్రరీ వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నాను.

పళ్ళ సెట్లు కట్టే చేతులకి తీగలు కట్టడం ఒక లెక్కా? గోడలో ఉన్న పాత పైపులో మూడు తీగలే పడతాయి, నాలుగు కావాలి. రెండు నల్ల తీగలూ పోయేది ఒక చోటికే కదా అని ఆ రెండిటినీ కలిపి ఒకే తీగకి మెలిపెట్టేశాను. టెస్టరమ్మకి చెప్పలేదు, తిడుతుంది.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. నాన్న పోయాక నేను తెచ్చుకున్న రేకు పెట్టెలో అడుగున ఒక క్యాసెట్ దొరికింది. మీద నాన్న దస్తూరీతో ‘పెద్దపిల్ల పాట’ అని ఉంది. కింద తేదీ. అది అమ్మ పోయిన తేదీ. నువ్వు పాడేదానివని ఊళ్ళో అందరూ చెప్పగా విన్నానే గాని, నన్ను పెంచిన పదిహేనేళ్ళలో నీ నోట ఒక్క జోలపాట కూడా నేను వినలేదు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. ఇప్పుడు వింటాను.

నీ తమ్ముడు

---

ఫిబ్రవరి 14

ఒరేయ్ పళ్ళ డాక్టరూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. చచ్చిన ఆంప్లిఫయరు స్థానంలో చావుకు సిద్ధంగా ఉన్నదాన్ని తెచ్చుకున్నావన్నమాట. నీ మరదలు, నీ మరదలు అని నీ పెళ్ళాం మీద నాకు చాడీలు చెప్పడమెందుకు? ఆ పిల్ల చెప్పిన మాటే కాస్త విను.

ఆ క్యాసెట్ పారెయ్. పాత టేపుకి బూజు పడుతుంది, ఆ బూజు నీ డెక్కు లోపలి హెడ్డుకి అంటుకుంటే నీ లైబ్రరీ సామాను కాస్తా తగలడుతుంది. అందులో ఏమీ లేదు. రేడియోకి పంపుదామని పాడాను, పంపలేదు, అంతే. ఎదురింటి వాళ్ళ టేప్‌రికార్డరు ఒక పూటకి అడిగి తెచ్చాను.

ఆ రోజు గురించి నీకు చిన్నప్పుడే చెప్పాను. అమ్మ మధ్యాహ్నం నిద్రలో పోయింది. నేను ఇంట్లోనే, దగ్గరే ఉన్నాను. నువ్వు పిన్ని వాళ్ళింట్లో ఉన్నావు. నీకప్పుడు ఆరేళ్ళు. ఇంతకు మించి ఏమీ లేదు, తవ్వకు.

ఇక్కడ గొట్టాల్లో నీళ్ళు సరిగా రావడం లేదు. కింది అంతస్తు దర్జీ నా దుప్పటి అంచులు కుడతానని తీసుకుని నెల అయింది. రోజూ కుట్టు మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది, నా దుప్పటి మాత్రం ఇంకా రాలేదు.

అక్క

---

ఫిబ్రవరి 26

అక్కా,

పారేయలేదు. కోప్పడు, పడతాను. కాని ముందు ఇది చదువు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టాను. నీ మరదలు కూడా కూర్చుంది. పాట లేదు అక్కా. టేపు ఖాళీ అని కాదు. మూసిన తలుపు అవతల ఎవరో పాడుతుంటే ఇవతలికి ఎంత వస్తుందో అంత, ఒక గుయ్యిమనే శబ్దం ఉంది. గోడ గడియారం ఉంది. ఎక్కడో కొళాయి కారుతోంది. కుర్చీ ఒకసారి కిర్రుమంది. పాడే మనిషి ఉండాల్సిన చోట మాత్రం ఎవరూ లేరు.

కాసేపటికి ఎవరో పిలిచారు. “అమ్మా” అని.

ఎడమవైపు నుంచి. నెమ్మదిగా, అరిగిపోయిన గొంతుతో. చిన్నపిల్లల గొంతు కాదు. పెద్దవాళ్ళెవరో, చాలా అలసిపోయిన వాళ్ళు, వాళ్ళమ్మని పిలుస్తున్నట్టుంది. కాసేపు ఆగి మళ్ళీ. మొత్తం నాలుగుసార్లు. నాలుగోసారికి నీ మరదలు లేచి స్విచ్చు కట్టేసి, ఈ సామాను ముందు ఎవరిదో కనుక్కోమంది. డాన్సు స్కూలులో ఎవరైనా పోయారేమో కనుక్కుంటే తప్పేమిటంది. నాకు నవ్వాలనిపించలేదు.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ మధ్యాహ్నం మనింట్లో ఉన్నది నువ్వూ అమ్మా. నువ్వు పాడుతున్నావు. నేను లేను, నాన్న ఆఫీసులో ఉన్నాడు. మరి మనింట్లో ‘అమ్మా’ అని పిలిచేవాళ్ళెవరు? ఇంకెవరైనా ఉండేవారా అక్కా? నాకు తెలియకుండా దాచిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ వయసులో చెప్తే తట్టుకోగలను.

తమ్ముడు

---

మార్చి 8

తమ్ముడూ,

ఎవరూ లేరు. ఎవర్నీ దాచలేదు. మన పైన కాపురం ఉండేవాళ్ళింట్లో మతి సరిగా లేని ముసలాయన ఒకడు ఉండేవాడు. ఆయనే అయి ఉంటాడు. రోజంతా అలాగే అరిచేవాడు, మాకు అలవాటైపోయింది.

తీగలు తప్పు కలిపావు కాబట్టి అలా వస్తోంది. ఆ టెస్టరమ్మని పిలిచి నాలుగు చీవాట్లు తిని బాగుచేయించుకో. పాట వినాలనుకున్నావు కదా, పాట విను. మిగతాది వినకు.

నాలుగుసార్లే అని నీకు గట్టిగా తెలుసా?

నాకు జలుబు చేసింది, ఇంతకన్నా రాయలేను.

అక్క

---

మార్చి 19

అక్కా,

జలుబు తగ్గిందా? ఆవిరి పట్టుకో.

టెస్టరమ్మ వచ్చింది. నేను మెలిపెట్టిన నల్ల తీగల్ని చూసి టెస్టరు కొనతో ఒకసారి కదిపింది. తర్వాత, పళ్ళ సెట్టులో కూడా పై దవడా కింది దవడా కలిపి అతికిస్తావా అని అడిగింది. నాకు తగిన శాస్తే.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. నేను కలిపిన ఆ ఉమ్మడి నల్ల తీగ వదులైపోయింది. అది వదులైతే రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉన్న శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుందట. రెండిటికీ మధ్య తేడా మాత్రమే మిగులుతుంది. నువ్వు టేప్‌రికార్డరుకి ఎదురుగా నడిమధ్యన కూర్చుని పాడావు, నీ గొంతు దాని రెండు మైకుల్లోనూ సమానంగా పడింది. అందుకే నువ్వు మాయమయ్యావు. పక్క నుంచి వచ్చింది మాత్రం మిగిలింది.

తీగ బిగించింది. పాట వచ్చింది.

అక్కా, నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఇంత గొంతు పెట్టుకుని నువ్వు నలభై రెండేళ్ళు ఎలా ఊరుకున్నావు? టెస్టరమ్మ తన టెస్టరు చేతిలో పట్టుకుని చివరిదాకా కదలకుండా నిలబడింది. అయ్యాక ఒక మాట అంది. పాడినావిడ బాగా పాడింది గాని నాలుగుచోట్ల అవసరం లేకుండా గొంతు పెంచింది, లేకపోతే ఇంకా బాగుండేదని.

ఆవిడ వెళ్ళాక నేను నల్ల తీగ మళ్ళీ వదులు చేసి విన్నాను. ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. నువ్వు గొంతు పెంచిన నాలుగుచోట్లా ఆ పిలుపు ఉంది. అంటే నువ్వూ విన్నావన్నమాట. ఆ ఇంట్లో ఏదో ఉందని నీకు అప్పుడే తెలుసు. భయపడి గట్టిగా పాడావు, చీకట్లో నడిచేవాళ్ళు పాడుకుంటారే అలాగ. ఆ భయంతోనే మళ్ళీ పాడలేదు. అవునా? నాకెందుకు చెప్పలేదు?

ఇంకోటి. పైవాళ్ళ ముసలాయన అని రాశావు. మన మీద ఇల్లెక్కడిది? మనదే పై అంతస్తు. డాబా మీద నేను గాలిపటాలు ఎగరేసిన సంగతి నాకు బాగానే గుర్తుంది. అబద్ధం చెప్పేటప్పుడు కనీసం ఒక మెట్టు ఎక్కి చూడవద్దూ?

ఈసారి విన్నప్పుడు పిలుపులు ఐదున్నాయి. ముందు లెక్క తప్పానేమో.

తమ్ముడు

---

మార్చి 30

తమ్ముడూ,

కూర్చుని చదువు.

ఇంట్లో ఏదీ లేదు. నేను దేనికీ భయపడలేదు. ఆ పిలిచింది అమ్మ. పిలిచింది నన్ను.

నీకు గుర్తుండదు. మంచం పట్టిన మూడు నెలలూ అమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు. అన్నం పెట్టేదాన్ని, ఒళ్ళు తుడిచేదాన్ని, తల దువ్వేదాన్ని. నువ్వే నాకు అమ్మవైపోయావే అని మొదట్లో నవ్వుతూ అంది, తర్వాత అదే పిలుపైపోయింది. రోజుకి వందసార్లు. అమ్మా నీళ్ళు, అమ్మా దిండు, అమ్మా కిటికీ. చాలాసార్లు ఏమీ అక్కర్లేదు, నేను పలుకుతానో లేదో చూడ్డానికి పిలిచేది. నాకు పంతొమ్మిదేళ్ళురా.

ఆ రోజు సాయంత్రానికి టేప్‌రికార్డరు తిరిగి ఇచ్చేయాలి. మర్నాడు రేడియోకి పంపడానికి ఆఖరి రోజు. నాకు కావలసింది ఇరవై నిమిషాలు. అమ్మకి అన్నీ అమర్చి, ఇప్పుడు పిలవకు అని చెప్పి వచ్చి కూర్చున్నాను. పల్లవి కూడా పూర్తి కాలేదు, పిలిచింది. నాకు వినిపించింది. స్పష్టంగా వినిపించింది. రికార్డులో పడకూడదని గొంతు పెంచాను. పిలిచిన ప్రతిసారీ పెంచాను. నాలుగోసారి తర్వాత పిలవలేదు, హమ్మయ్య అనుకున్నాను. పాట అయ్యాక టేపు వెనక్కి తిప్పి మొత్తం విన్నాను కూడా. బాగా వచ్చిందని సంబరపడ్డాను. ఆ తర్వాత లోపలికి వెళ్ళాను.

నిద్రలో పోయిందని అందరికీ చెప్పాను. నాన్నకి చెప్పాను, నీకు చెప్పాను, చెప్పీ చెప్పీ సగం నమ్మాను కూడా. ఎక్స్‌ఛేంజీ ఉద్యోగం ఎందుకు పట్టుకున్నానో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరు పిలిచినా రెండో గంట మోగకుండా పలికాను, ముప్పై ఒక్క ఏళ్ళు. దానివల్ల ఏమీ తీరలేదు.

ఇంతే. ఇక నన్ను అసహ్యించుకో, నీ ఇష్టం. తీగ మాత్రం గట్టిగా బిగించు.

నాలుగే పిలిచింది. ఐదోది లేదు. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అక్క

---

ఏప్రిల్ 7

అక్కా,

అసహ్యం అనే మాట ఇంకోసారి రాశావంటే నీ ఉత్తరం తిప్పి పంపిస్తాను. పంతొమ్మిదేళ్ళ పిల్లవి. ఆ మూడు నెలలూ నువ్వు చేసింది నేను మూడు రోజులు చేయగలనో లేదో నాకే తెలియదు. నాకు నీ మీద కోపం లేదు. వెతికి చూసుకున్నాను, లేదు.

కాని నువ్వు నన్ను క్షమించాలి. నీ ఉత్తరం చదివాక నాకు మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. అది అమ్మ గొంతు! నాకు అమ్మ చీర రంగు గుర్తుంది, చేతి మీద కాలిన మచ్చ గుర్తుంది. గొంతు మాత్రం గుర్తులేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. అడగడానికి కూడా ఎవరూ లేరు, గొంతు ఎలా ఉంటుందో ఎవరు మాత్రం చెప్పగలరు? అలాంటిది నెలన్నరగా నా గదిలోనే మోగుతోంది, నేను దాన్ని ఏదో దయ్యం అనుకున్నాను.

అందుకని తీగ బిగించలేదు. రోజూ ల్యాబు నుంచి వచ్చాక వింటున్నాను. నువ్వు రాసింది చదివాక కూడా. ఇది తప్పో ఒప్పో తెలియదు.

ఇక అబద్ధం లేకుండా మిగతాది కూడా చెప్పాలి. ఇప్పుడు ఆరున్నాయి. మొదటి నాలుగూ నువ్వన్నట్టే దూరంగా, పక్క గదిలోంచి. ఐదోది గడప దగ్గర్నుంచి. ఆరోది గదిలోంచి. లేవలేని మనిషి కదా అక్కా అమ్మ? ఆరో పిలుపు ఎడమ స్పీకరు దగ్గర మొదలై నెమ్మదిగా మధ్యకి జరుగుతుంది. సరిగ్గా మధ్యకి, నువ్వు కూర్చున్న చోటికి వచ్చేసరికి కరిగిపోతుంది. మధ్యలోకి వచ్చినది ఏదైనా ఈ తీగ కొట్టేస్తుంది కదా, అందుకని ఆ మాట చివర ఎప్పుడూ వినపడదు. బిగించి వింటే నీ పాట కప్పేస్తుంది.

టెస్టరమ్మని అడిగాను, టేపులో లేనిది కొత్తగా చేరుతుందా అని. సామాను పాతదైనంత మాత్రాన కొత్త శబ్దాలు పుట్టవంది. ఒకసారి వినిపించాను. విన్నాక టెస్టరు చెవి మీద పెట్టుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయింది. నీ మరదలు ఆ గదిలోకి రావడం మానేసి వంటింట్లో తింటోంది.

నువ్వు ఆపేయమంటే ఆపేస్తానని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. నాకున్న అమ్మ గొంతు ఇదొక్కటే.

తమ్ముడు

---

ఏప్రిల్ 15

తమ్ముడూ,

ఇరవై రెండో తారీకు పగటి బండికి వస్తాను. నువ్వు ల్యాబుకి వెళ్ళు, అమ్మాయిని పుట్టింటికి పంపు. తాళంచెవి టెస్టరమ్మ కొట్లో ఉంచు. తీగ వదులు చేసే ఉంచు. ఏ మీట నొక్కాలో పెద్ద అక్షరాలతో రాసి అతికించు.

నేను ఒక్కదాన్నే వినాలి. తొందరపడి ముందు రాకు.

అక్క

---

మే 6

అక్కా,

పక్షం రోజులు ఆగాను. కార్డు రాశాను, జవాబు లేదు. ఎత్తవని తెలిసీ నీ ఇంటికి ఫోను చేశాను, మోగీ మోగీ ఆగిపోయింది. దర్జీ దుకాణానికి కూడా చేశాను, నువ్వు పైనే ఉన్నావనీ, తలుపు తీసి పాలు తీసుకున్నావనీ చెప్పాడు. అప్పటికి కాస్త ఊపిరి వచ్చింది.

ఆ రోజు ల్యాబు నుంచి నేను వచ్చేసరికి నువ్వు లేవు. టీ తాగిన కప్పు కడిగి బోర్లించి ఉంది. రెండు స్పీకర్లకీ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నావు, కుర్చీ అక్కడే ఉంది. నాకు ఒక్క ముక్క రాసి పెట్టలేదు.

కాసేపటికి టేపు పెట్టాను. తీగ వదులుగానే ఉంది. గడియారం ఉంది, కొళాయి ఉంది, కుర్చీ కిర్రుమంది. అమ్మ లేదు. మొదటి పిలుపు చోట ఏమీ లేదు. రెండో చోట లేదు. ఆరుసార్లూ ఎదురుచూశాను, ఆరుసార్లూ ఒట్టి గడియారమే. ఆరో పిలుపు కరిగిపోయే చోట మాత్రం ఒక మాట ఉంది.

“వస్తున్నా.”

అది పంతొమ్మిదేళ్ళ పిల్ల గొంతు కాదు. ఇప్పటి నీ గొంతు. నువ్వు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది.

క్యాసెట్ అంచున, మళ్ళీ రికార్డు కాకుండా విరిచే రెండు ప్లాస్టిక్ ముక్కలూ నాన్న ఎప్పుడో విరిచేశాడు. నా డెక్కుకి మైకు లేదు. టెస్టరమ్మ డెక్కు మొత్తం విప్పి చూసింది, అందులో రికార్డు చేసే తీగలే కోసేసి ఉన్నాయట. లైబ్రరీ వాళ్ళు పుస్తకాల టేపులు చెరిగిపోకుండా అలా చేయిస్తారట. ఆవిడ దాన్ని మళ్ళీ బిగించి నా చేతికి ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు.

అక్కా, పోయినవాళ్ళు పిలిస్తే వస్తున్నా అంటారా ఎవరైనా? ఆ మాట వెనక్కి తీసుకో. ఎలా తీసుకుంటావో నాకు తెలియదు, మళ్ళీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుని రానని చెప్పు. నువ్వు కూడా వెళ్ళిపోతే నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి ఇంకెవరున్నారు?

కోపం కూడా ఉంది, దాచను. అమ్మ గొంతు ఎలా ఉంటుందో నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని తలుచుకుంటే నిన్నటికి సగమే వచ్చింది, ఇవాళ అదీ రావడం లేదు. నీకు నలభై రెండేళ్ళు వినిపించింది. నాకు రెండు నెలలే. దాన్ని కూడా నువ్వు పట్టుకుపోయావు.

తమ్ముడు

---

మే 14

ఒరేయ్,

ముందు మంచినీళ్ళు తాగు. బతికే ఉన్నాను. దర్జీ దుప్పటి ఇచ్చాడు, అంచులు వంకర. ఇన్నాళ్ళూ రాయనిది ఎలా రాయాలో తెలియకే.

వస్తున్నా అన్నానని అంత భయపడ్డావేమిటి? మనింట్లో వస్తున్నా అన్నవాళ్ళు ఎప్పుడైనా వెంటనే వచ్చారా? బట్టలు ఆరేస్తూ వస్తున్నా అంటాం, తల దువ్వుకుంటూ వస్తున్నా అంటాం, సగం నిద్రలో దుప్పటి లాక్కుంటూ కూడా అంటాం. పిలిచినవాళ్ళకి ముందు కావలసింది మనిషి కాదురా, ఆ మాట. విన్నారని తెలిస్తే చాలు, ఎంతసేపైనా ఆగుతారు. నేను ఇవ్వనిది ఆ మాటే. లేచి వెళ్ళకపోయినా పరవాలేదు, పాట మధ్యలో ఆపి ఒక్కసారి వస్తున్నానమ్మా అని ఉంటే, అమ్మ ఆగేది. పాట వింటూ ఆగేది.

నీ గదిలో జరిగింది చెప్తాను. మొదటి నాలుగూ విన్నాను. నాకు కొత్తవేమీ కాదు. ఐదోది గడప దగ్గర. ఆరోది మొదలయ్యాక అది కదులుతోందని నాకూ తెలిసింది. నేను వేసుకున్న కుర్చీ సరిగ్గా మధ్యలో ఉంది కదా, అది అక్కడికే వచ్చింది. నా పక్కకి. ఎండ నిండుగా ఉంది గదిలో, కిటికీ తెరిచే ఉంది, అయినా కుర్చీని గట్టిగా పట్టుకున్నాను. చూడలేదు. కళ్ళు మూసుకుని పైకే అన్నాను, నోరు తెరిచి. నీ సామాన్లోకి అది ఎలా ఎక్కిందో నన్నడగకు. ముప్పై ఒక్క ఏళ్ళు తీగల మధ్య బతికాను, తీగల్లో ఏది ఎటు పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఇక పిలవదు, అది మాత్రం తెలుసు. ఆ రాత్రి బండిలో పడుకున్నదాన్ని ఊరు దాటిపోయాక గాని లేవలేదు. అంత నిద్ర నేను ఎరగను.

నీ కోపం న్యాయమే. నాకు విముక్తి, నీకు నష్టం. అది ఆలోచించకుండానే వచ్చాను. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను, బదులుగా. నిన్ను పెంచినన్నాళ్ళూ ఒక గదిలోంచి ఇంకో గదికి నిన్ను కేకేసి పిలవలేదు, గమనించావా? అన్నానికైనా, బడికైనా, నువ్వున్న చోటికి వచ్చి భుజం తట్టేదాన్ని. పిలవడమంటే నాకు భయం. నేను పిలిస్తే నువ్వు పలకకపోతే ఏమైపోతానో అని.

మొన్న నీ గదిలో మొదటి పిలుపు వినగానే ఉలిక్కిపడ్డాను. అమ్మ అని కాదు. ఆ గొంతు అచ్చం నాదే అని. అమ్మ పోయేనాటికి ఆవిడకి నలభై ఒకటి, నాకిప్పుడు అరవై ఒకటి. ఆవిడ వయసు ఎప్పుడు దాటానో, గొంతులు ఎప్పుడు కలిసిపోయాయో తెలియదు గాని, ఆ గొంతు ఇప్పుడు నా దగ్గరుంది. చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుంది, వాడలేదు కాబట్టి తెలియలేదు.

ఆదివారం రా. అమ్మాయిని కూడా తీసుకురా, ఇక్కడ స్పీకర్లు లేవని చెప్పు. నువ్వు ముందుగదిలో కూర్చో. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేస్తాను. అమ్మ నిన్ను ‘నాన్నా’ అని పిలిచేది, నీకు అదీ గుర్తుండదు. తలుపు వెనక నుంచి పిలుస్తున్నది ఎవరని లేచి వచ్చి చూడకు.

ఒక్కసారే పిలుపు వస్తుంది. వెంటనే పలుకు.

అక్క